గింజల నుంచి బీరు: గిన్నె, సంచి చాలు

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే, మాట ఎటు తిరిగినా చివరికి ఒక ప్రశ్న దగ్గరికి వస్తుంది. "ఇంకా ఎక్స్‌ట్రాక్టేనా, ఆల్ గ్రెయిన్‌కి వెళ్లావా?" బార్లీ నుంచి తీసి అమ్మే తీపి సారంతో చేస్తే ఎక్స్‌ట్రాక్ట్, గింజల నుంచి ఆ సారం మనమే తీసుకుంటే ఆల్ గ్రెయిన్. అడిగే తీరులోనే కాస్త చిన్నచూపు వినిపిస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ అంటే పిల్లల పని అనీ, గింజలతో మొదలుపెడితేనే అసలు పని అనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయం వల్లే చాలామంది తొందరపడి, బోలెడు సామాను కొని, రెండుసార్లు చేసి మూడోసారికి అటకెక్కించేస్తున్నారు. (సంఘం పత్రికలో బీరు గోల ఏమిటని ముఖం చిట్లించేవాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు.)

మారమనే నేనూ చెబుతాను. కాకపోతే అందరూ చెప్పే కారణానికి కాదు, అందరూ చెప్పే పద్ధతిలోనూ కాదు.

ఎక్స్‌ట్రాక్ట్ తక్కువరకం సరుకేమీ కాదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని (అదే మాల్ట్) ఫ్యాక్టరీలో వేడినీళ్లలో నానబెట్టి (దీన్నే మాష్ అంటారు), ఆ తీపి రసం దింపి, నీళ్లు ఇగిర్చేస్తే మిగిలేదే అది. తాజా డ్రై ఎక్స్‌ట్రాక్ట్‌తో, మంచి ఈస్ట్‌తో, సరైన వేడిలో పులియబెట్టిన బీరు ముందు అజాగ్రత్తగా చేసిన ఆల్ గ్రెయిన్ బీరు నిలబడదు. బీరు రుచిలో ఎక్కువ భాగం తేలేది పులిసేటప్పుడే. ఏల్ రకం బీర్ల ఈస్ట్ చాలావాటికి 18 నుంచి 20 డిగ్రీలు హాయిగా ఉంటుంది. ఈస్ట్ జోరు మీద ఉన్నప్పుడు డబ్బా లోపలి వేడి గది వేడికన్నా నాలుగైదు డిగ్రీలు కూడా ఎక్కువ ఉండొచ్చు. గది 24 ఉందంటే లోపల ఎంత ఉందో ఊహించుకోండి. గొంతులో మండే ఘాటు, అక్కర్లేని అరటిపండు వాసన అక్కడి నుంచే వస్తాయి. గింజలు తెచ్చుకున్నంత మాత్రాన అవి పోవు. ఇప్పుడు మీ బీరులో అలాంటి దోషాలుంటే ముందు వాటి సంగతి చూడండి. పులియబెట్టే డబ్బాను చల్లగా ఉంచే ఏర్పాటుకు పెట్టే ఖర్చు, మాష్ సామానుకు పెట్టే ఖర్చుకన్నా ముందు పెట్టాల్సింది.

మరి ఎందుకు మారాలి? ఎక్స్‌ట్రాక్ట్ కొన్నప్పుడు ఒక నిర్ణయం మీ బదులు ఫ్యాక్టరీవాళ్లు తీసేసుకున్నారు. మాష్ ఎంత వేడిలో పెట్టాలన్నది. బీరు పలచగా, పొడిగా దిగాలా, నోటికి నిండుగా, చిక్కగా తగలాలా అన్నది చాలావరకు తేలేది అక్కడే. ఆ ఒక్క గంట మీ చేతికి రావడమే ఆల్ గ్రెయిన్‌లోని అసలు లాభం. మిగతాదంతా, అంటే మరిగించడం, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు) వేయడం, చల్లార్చడం, పులియబెట్టడం, మీకు వచ్చిన పనే.

ఆ గంటలో జరిగేది చాలా పాత రసాయన శాస్త్రం. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు మాల్ట్ నుంచి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేస్ అని పేరు పెట్టారు. ఎంజైమ్‌లను గుర్తించిన చరిత్ర దాంతోనే మొదలైందని చెబుతారు. అందులో మనకు పనికొచ్చే ఎంజైమ్‌లు రెండు. బీటా అమైలేజ్ పిండిపదార్థం గొలుసు కొస నుంచి మాల్టోజ్ ముక్కలు తుంచుకుంటూ పోతుంది, ఆ చక్కెరను ఈస్ట్ ఇష్టంగా తింటుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసును మధ్యలో ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. దాని పని వల్ల ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలూ మిగులుతాయి. బీటా 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా ఉండి, 70 దగ్గరికొచ్చేసరికి త్వరగా పాడైపోతుంది. ఆల్ఫా 70 దాటాక కూడా తట్టుకుంటుంది. కాబట్టి 65 దగ్గర పెడితే ఈస్ట్ తినే చక్కెర ఎక్కువ, బీరు పొడిగా దిగుతుంది. 69 దగ్గర పెడితే మిగులు ఎక్కువ, బీరు చిక్కగా ఉంటుంది. గ్రావిటీ, అంటే నీళ్లతో పోల్చిన సాంద్రత, 1.050 దగ్గర మొదలైన బీరు ఒకటి 1.009 దాకా దిగి, ఇంకొకటి 1.014 దగ్గర ఆగిందనుకుంటే, మొదటిదానిలో ఆల్కహాల్ 5.4 శాతం, రెండోదానిలో 4.7. ఈస్ట్ రకాన్ని బట్టి అంకెలు మారతాయి. గింజలు అవే, తేడా నాలుగు డిగ్రీలే.

దీనికి మూడు గిన్నెల స్టాండు, పంపు, కరెంటుతో నడిచే ఆల్ ఇన్ వన్ యంత్రం అక్కర్లేదు. ఇక్కడ నాతో చాలామంది విభేదిస్తారని తెలుసు. యంత్రం వేడి కచ్చితంగా పట్టి ఉంచుతుంది, ఒక రోజంతా మీద పడే శ్రమ తగ్గుతుంది, నిజమే. కానీ ఐదారు గంటల పని మీకు నచ్చుతుందో లేదో తెలియకముందే అంత డబ్బు ఎందుకు పోయడం? ఎక్స్‌ట్రాక్ట్‌తో మూడు గంటల్లో తెమిలే పని గింజలతో, కడుగుడు కూడా కలుపుకుంటే, దాదాపు రెట్టింపవుతుంది. ఆ సంగతి చెప్పకుండా మారమని ఎగదోసేవాళ్లను నమ్మకండి.

మొదటిసారికి నా సలహా సగం బ్యాచ్. 10 లీటర్ల బీరు, 20 లీటర్ల గిన్నె, గిన్నె అంతా పట్టే సన్నటి వల సంచి, నమ్మకమైన థర్మామీటర్. ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు చేసేవాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, బ్రూ ఇన్ ఎ బ్యాగ్ అంటారు. మొత్తం నీళ్లు ఒకేసారి గిన్నెలో పోసి, సంచిలో గింజలు నానబెట్టి, గంట తర్వాత సంచి ఎత్తేస్తే మిగిలిన తీపి రసమే వర్ట్. మళ్లీ పైనుంచి వేడినీళ్లు పోసి కడగడాలు, మాష్ గడ్డకట్టి రసం కిందికి దిగకపోవడం లాంటి తలనొప్పులు ఉండవు. వంటింటి స్టవ్వు 16 లీటర్లను మరిగించగలదు. 30 లీటర్లంటే చాలా స్టవ్వులు చేతులెత్తేస్తాయి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. పేల్ ఏల్ మాల్ట్ 2.5 కిలోలు, నీళ్లు 16 లీటర్లు. గింజలు కొంత పీల్చుకుంటాయి, గంట మరుగులో రెండున్నర మూడు లీటర్లు ఆవిరైపోతుంది, అడుగున మడ్డి కొంత వదిలేయాలి. పోనుపోను 10 లీటర్లు డబ్బాలోకి వస్తుంది. మాష్ 66 డిగ్రీల దగ్గర నిలవాలంటే, గింజలు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, నీళ్లను 69కి కాస్తే చాలు. పుస్తకాల్లో తరచూ కనిపించే 72 అంకె కిలోకు మూడు లీటర్ల లెక్కన చిక్కగా మాష్ పెట్టేవాళ్లది. సంచి పద్ధతిలో నీళ్లు ఎక్కువ కాబట్టి గింజలు దించే వేడి తక్కువ. ఈ చిన్న తేడా చూసుకోకుండా ఆ అంకె పట్టుకుంటే, మాష్ 69 దగ్గర తేలుతుంది, పొడిగా రావాల్సిన బీరు చిక్కగా వస్తుంది.

మాల్ట్ ఎలా మరపట్టారన్నది చూడాల్సిన ఇంకో విషయం. మొదటిసారి అమ్మినచోటే పట్టించుకోండి, మర కొనకండి. ఇంటికి తెచ్చాక ఒక గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరచండి. ప్రతి గింజా విరిగి నూకలా ఉండాలి, పొట్టు చాలావరకు నిలిచి ఉండాలి, పిండి కొంచెమే ఉండాలి. మొత్తం గింజలు కనిపిస్తే వాటి నుంచి మీకేమీ రాదు, మళ్లీ పట్టించాలి. తొలి బ్యాచ్‌లో గ్రావిటీ తక్కువొచ్చిందని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి తప్పు ఇక్కడే ఉంటుంది. వాళ్లేమో నీళ్ల రసాయనాలూ, కదిపే పద్ధతులూ వెతుకుతూ కూర్చుంటారు.

ఇక ఆ గంట. నూకను గుమ్మరించకుండా ధారగా పోస్తూ, గరిటెతో కలుపుతూ ఉండాలి. ఉండ కడితే దాని లోపలి పిండి పొడిగానే ఉండిపోతుంది. మొదట నీళ్లు పాలలా తెల్లగా, మబ్బుగా ఉంటాయి, రుచి చూస్తే పిండి రుచే. పావుగంట, ఇరవై నిమిషాలయ్యాక గరిటెతో కొంచెం తీసి చూడండి. రంగు ముదిరి, మబ్బు కొంత విడి, నాలుక మీద స్పష్టమైన తీపి తెలుస్తుంది. మీరేమీ వేయలేదు, ఆ తీపి గింజలోని పిండి నుంచే వచ్చింది. గంట చివర తెల్లటి సాసర్‌లో రెండు చుక్కల రసం వేసి, పక్కన ఒక చుక్క అయోడిన్ పెట్టి కలపండి. నలుపు నీలం కలిసిన రంగు వస్తే పిండిపదార్థం ఇంకా మిగిలి ఉందన్నమాట, మరో పావుగంట ఆగాలి. అయోడిన్ రంగు మారకపోతే పని అయినట్టే. పొట్టు ముక్క పడితే అది ఎలాగూ నల్లబడుతుంది, దానికి కంగారు పడొద్దు. ఆ సాసర్‌లోది తిరిగి గిన్నెలో పోయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

గిన్నెను దుప్పటిలో చుట్టి పెడితే గంటలో ఒకటి రెండు డిగ్రీలు తగ్గొచ్చు. దానికి టెన్షన్ పడి మాటిమాటికీ మూత తీస్తే ఇంకా తగ్గుతుంది. మళ్లీ మంట పెట్టాల్సి వస్తే సంచి అడుక్కి తగలకుండా చూడండి, ఆ వల కాలితే మొత్తం పని పాడు. ఎత్తేటప్పుడు కూడా జాగ్రత్త. రెండున్నర కిలోల నూక తడిసి దాదాపు రెట్టింపు బరువై, మరీ వేడిగా, కారుతూ ఉంటుంది. పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది. పిప్పిని ఆ రోజే బయట పడేయండి. మర్నాటికి వచ్చే వాసన ఇంట్లోవాళ్లు క్షమించరు.

నీళ్ల గురించి పుస్తకాలు భయపెట్టేస్తాయి. మొదటి బ్యాచ్‌కు ఒక్కటే తప్పనిసరి: క్లోరిన్, క్లోరమిన్ పోవాలి. లేకపోతే బీరులో ప్లాస్టిక్ వాసన, ఆసుపత్రి మందుల వాసన వచ్చే ప్రమాదం ఉంది. రాత్రంతా తెరిచి పెడితే క్లోరిన్ పోతుందిగానీ క్లోరమిన్ పోదు. సల్ఫైట్‌తో చేసిన క్యాంప్‌డెన్ బిళ్ల పావు నలగ్గొట్టి కలిపితే ఈ గిన్నెకు రెండూ తీరతాయి. ఆ పైన మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. లవణాలు తక్కువున్న చెక్ ఊరు పిల్సెన్ నీళ్లలో 1842లో లేత రంగు పిల్స్‌నర్ పుట్టడానికీ, కార్బొనేట్లు ఎక్కువున్న డబ్లిన్ నీళ్లకు నల్లటి బీర్లు కలిసిరావడానికీ సంబంధం ఇదే. వేయించిన నల్ల మాల్ట్‌కు పులుపు గుణం ఉంటుంది, అది నీళ్ల క్షారాన్ని సరిచేస్తుంది. అన్నట్టు, పీహెచ్ అనే కొలమానమే 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ తయారుచేసింది. అంటే బీరు వాళ్ల ఇంటి సొత్తే. మీ నీళ్లు బాగా కఠినమైనవైతే తొలిసారి పూర్తిగా లేత బీరు కాకుండా కాస్త ముదురు మాల్ట్ కలిసిన రెసిపీ ఎంచుకోండి, లవణాల పట్టిక తర్వాత తెరవొచ్చు.

ఇంకో పిచ్చి ఎఫిషియెన్సీ. గింజలోని చక్కెరలో ఎంత శాతం రాబట్టామన్న లెక్క. నాది 80, నీది 65 అని పోటీలు. పెద్ద కంపెనీకి రెండు శాతం అంటే లారీల లెక్క. మనకు గుప్పెడు మాల్ట్. 70 వచ్చినా, 65 వచ్చినా బీరు బీరే, తక్కువొస్తే వచ్చేసారి ఇంకో రెండొందల గ్రాములు కలుపుకోవచ్చు. ప్రతిసారీ ఒకే అంకె వస్తోందా అన్నదే చూడాలి. అది నిలకడగా ఉంటే రెసిపీ మీ చెప్పుచేతల్లో ఉన్నట్టు. చివరి చుక్క దాకా రాబట్టాలని బాగా మరిగిన నీళ్లతో పిప్పిని కడిగేవాళ్లకు పొట్టులోని వగరు కూడా ఫ్రీగా వస్తుంది.

పేల్ ఏల్ మాల్ట్ అని ఊరికే చెప్పలేదు. పిల్స్‌నర్ మాల్ట్‌ను తక్కువ వేడిలో ఆరబెడతారు కాబట్టి ఉడికిన మొక్కజొన్న వాసన తెచ్చే పదార్థానికి మూలం అందులో ఎక్కువ మిగులుతుంది. అది పోవడానికి మూత తీసి 90 నిమిషాలు మరిగించే అలవాటు ఉంది. పేల్ ఏల్ మాల్ట్‌కు గంట చాలు.

మీరుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి అనుమతి ఉందో లేదో, ఎన్ని లీటర్ల దాకానో చూసుకోండి. ఇది దేశానికో రకం.

తొలి ఆల్ గ్రెయిన్ బీరు కొత్త రెసిపీ కాకూడదు. ఎక్స్‌ట్రాక్ట్‌తో మీరు చాలాసార్లు చేసి, రుచి బాగా తెలిసిన బీరునే గింజలతో చేయండి. అదే హాప్స్, అదే ఈస్ట్, అదే వేడి. అప్పుడే గింజలు తెచ్చిన తేడా ఏమిటో నోటికి తెలుస్తుంది. కొత్త మాల్ట్, కొత్త ఈస్ట్, కొత్త పద్ధతి అన్నీ ఒకేసారి పెట్టుకుంటే బాగున్నా ఎందుకు బాగుందో తెలియదు, బాగోకపోయినా తెలియదు. రెండోసారి కూడా రెసిపీ ముట్టుకోవద్దు. మాష్ వేడి ఒక్కటే 66 నుంచి 69కి పెంచండి. మొదటి బ్యాచ్ సీసాలు నాలుగు దాచి ఉంచి, రెండూ పక్కపక్క గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా ఇంకొకరి చేత తాగించండి. వాళ్లకు తేడా తెలిసి, మీకు ఏది ఇష్టమో తేలితే, అప్పుడు పెద్ద గిన్నె గురించి ఆలోచించొచ్చు.