బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ఇల్లు మంచిదనేనా?

మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల మధ్య జోరుగా తిరుగుతున్న మాట ఇది: "బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ఇంకేం చూడక్కర్లేదు. వాళ్ల ఇంజనీర్ చూశాడు, లాయర్ చూశాడు. ఎంత కట్టగలరో లెక్క కూడా వాళ్లే వేశారు. కొత్త ఇల్లయితే అసలు బెంగే లేదు." ఇందులో నిలబడే ముక్క ఒక్కటీ లేదు.

"ఇంజనీర్ చూశాడు." చూశాడు, కానీ వెల కట్టడానికి. అమ్మితే ఎంతొస్తుందన్నదే ఆయన రాసుకెళ్లేది. బాత్రూం గోడ వెనక చెమ్మ వెతకడం ఆయన పని కాదు. పైగా బ్యాంకు వెలలో 80 శాతం ఇస్తే, ఆ ఇంటి విలువ 20 శాతం పడిపోయినా ముందు కరిగేది మీ డౌన్ పేమెంటే. బ్యాంకుకు లేని జాగ్రత్త మీకుండాలి.

కాబట్టి ఇంటిని మీరే పరీక్షించండి. వెంట్రుకవాసి పగుళ్లు చాలావరకు ప్లాస్టర్ ఆరేటప్పుడు వచ్చినవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతూ ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నగా ఉన్న పగులైతే పునాది కుంగిందేమోనని అనుమానించాలి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. "ఈ పగులు ఎప్పుడు వచ్చింది, పూడ్చాక మళ్లీ విచ్చుకుందా?" అని అమ్మేవాళ్లనే అడగండి.

ఇల్లంతా పాత రంగే ఉండి, ఒక గోడకు మాత్రం నేల నుంచి మీటరు ఎత్తు వరకు కొత్త రంగు కనిపిస్తే ఎందుకేశారో అడగాలి. నేల నుంచి పైకి పాకే చెమ్మ మామూలుగా ఆ ఎత్తులోనే ఆగుతుంది. రంగు దాన్ని కొన్నాళ్లు దాస్తుందే తప్ప ఆపదు, తర్వాత తెల్లగా ఉప్పు పేరి పెచ్చులు లేస్తాయి. బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు నేల మీద పొయ్యండి. నీళ్లు జాలీ వైపు పోకుండా మూలన నిలిస్తే వాలు తప్పిందన్నమాట, సరిచేయాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. నీటి మీటరుంటే కుళాయిలన్నీ కట్టేసి అరగంట చూడండి. ముల్లు కదిలిందా, ఎక్కడో పైపు కారుతుండొచ్చు.

"లాయర్ చూశాడు." అప్పు మునగకుండా ఉందా అన్నదే ఆయన చూపు. పక్కింటివాళ్లకు మీ స్థలంలోంచి దారి హక్కు ఉన్నా బ్యాంకు అప్పు మునగదు, ఇబ్బంది రోజూ మీకే. వాటా ఉన్నవాళ్లందరూ సంతకం పెడతారా? ఆమోదించిన ప్లాన్‌లో లేని గది ఏమైనా కట్టారా? మెయింటెనెన్స్ బకాయి ఎంత, అది ఎవరు కడతారు? ఈ ప్రశ్నలు మీ సొంత లాయర్ చేత అడిగించండి. అమ్మేవాళ్లు చూపించిన లాయర్ వద్దు.

"ఎంత కట్టగలరో లెక్క వేశారు." అసలు మోసపోయేది ఇక్కడే. బ్యాంకు చూసేది మీ ఇవాళ్టి ఆదాయం. లెక్క మనమూ వేద్దాం. లక్ష అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెలనెలా కట్టే వాయిదా (ఈఎంఐ) సుమారు 836 రూపాయలు. మొదటి నెల అందులో 667 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 169. 20 ఏళ్లలో కట్టే వడ్డీ అసలంత అవుతుంది. మొదట్లోనే వడ్డీ 9 శాతానికి పెరిగితే ఈఎంఐ దాదాపు 900. ఈఎంఐ మార్చకుండా గడువు పెంచితే 20 ఏళ్లు కాస్తా 25 దాటుతాయి. అందుకే "వడ్డీ పెరిగితే పెంచేది ఈఎంఐనా, గడువునా? ముందే తీర్చేస్తే జరిమానా ఉందా?" అని సంతకానికి ముందే అడగాలి. ఒక శాతం పెరిగాక వచ్చే ఈఎంఐని ఇప్పటినుంచే ఆరు నెలలు విడిగా దాచి చూడండి. ఇంటి ఖర్చు బిగుసుకుంటే చిన్న ఇల్లు చూసుకోవడమే నయం.

"కొత్త ఇల్లు కదా." పాత ఇల్లు వానలు చూసింది, కొత్తది ఇంకా చూడలేదు. పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ ఏది వాడారు, వారంటీ ఎన్నేళ్లు, అది కాగితం మీద ఇస్తారా అని అడగండి. నోటిమాటగా "మేం చూసుకుంటాం" అంటే ఆ వారంటీ లేనట్టే లెక్క. వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లి పై అంతస్తు సీలింగ్ మూలలు టార్చ్ వేసి చూడండి.