ఫార్మాట్ కొట్టమనే ముందు ఒక్క కమాండ్ అయినా కొట్టి చూడండి

ఇప్పుడే మిర్యాలగూడ నుంచి నల్లగొండ వచ్చాను, ఇంకా అన్నం కూడా తినలేదు, ఇది రాస్తే గానీ కోపం దిగేలా లేదు.

ఒక రైస్ మిల్లులో కాంటా బిల్లింగ్ నడిచే సిస్టమ్, లోడ్ పెరిగితే చాలు స్టక్ అవుతోంది. గేటు బయట రోడ్డు దాకా ధాన్యం లారీలు ఆగి ఉన్నాయి, డ్రైవర్లు గుమాస్తా మీద కేకలు. ర్యామ్ చాలట్లేదా, డిస్క్ నెమ్మదించిందా చూద్దామని పెర్ఫ్‌మాన్ (విండోస్‌లో సిస్టమ్ పనితీరు చూపించే టూల్) తెరిస్తే, డిస్క్, ర్యామ్ లాంటివాటి లెక్క చూపించే కౌంటర్లే అసలు సరిగ్గా లేవు. ఫిజికల్ డిస్క్ అన్నదే లిస్టులో కనపడదు, మిగిలిన వాటిలో కొన్నిటికి పేర్లు పోయి ఉత్త నంబర్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి సగం విని, "విండోస్ కరప్ట్ అయిందన్నా, ఫార్మాట్ కొట్టేయండి" అన్నాడు. సీజన్‌లో, లారీలు లైన్లో ఉండగా!

కౌంటర్లు కనపడకపోవడం కొత్త రోగమేం కాదు. వాటి పేర్లు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, పెర్ఫ్‌లిబ్ కింద 009 అనే కీలో ఉంటాయి. ఏదో ఒక ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అవుతూనో, సగంలో ఆగిపోయో ఆ వరసను చెడగొడుతుంది, పేరుకీ నంబరుకీ లంకె తెగిపోతుంది. ఆ లంకె మళ్లీ కట్టాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో ఒకసారి, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఒకసారి "లోడ్‌సీటీఆర్ స్లాష్ ఆర్" కొట్టాలి, ఆ తర్వాత "విన్‌ఎంజీఎంటీ స్లాష్ రీసింక్‌పెర్ఫ్". అప్పటికీ ఏదైనా రాకపోతే "లోడ్‌సీటీఆర్ స్లాష్ క్యూ" కొడితే ఏది డిసేబుల్ అయి ఉందో అదే చెబుతుంది. టీ చల్లారేలోపు అయ్యే పని. ఇది కూడా తెలియకుండా సపోర్ట్ కుర్చీలో ఎట్లా కూర్చోబెడతారు?

కౌంటర్లు తిరిగి వచ్చాక ఏం బయటపడిందో తెలుసా? డిస్క్ రీడ్‌కి పట్టే సమయం 0.010, 0.020 సెకన్ల దగ్గర ఉండాల్సింది 0.3 దాటి పోతోంది. పోయేది హార్డ్ డిస్క్! ఆ సపోర్ట్ అబ్బాయి మాట విని ఉంటే అదే పాడు డిస్క్ మీద మళ్లీ విండోస్ ఎక్కించి, బిల్లింగ్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ ఎక్కించి, కాంటా పోర్టు సెట్టింగులన్నీ మొదటి నుంచి చేసి, చివరికి మళ్లీ అదే స్టక్ దగ్గర నిలబడేవాళ్లం. ఈలోపు డేటా పోతే మిల్లు లెక్కలు ఎవరు తిరిగి తెచ్చిస్తారు?

ఈ ఫార్మాట్ మాట వింటేనే నాకు ఒళ్లు మండడానికి వేరే కారణం ఉంది. మన దేవరకొండ రోడ్డులో ఒక ఫోటో స్టూడియో అన్నకు ఇట్లాగే ఫోన్లో ఎవరో చెబితే, షాపు కుర్రాడు అమాయకంగా కొట్టేశాడు. డెస్క్‌టాప్ మీద ఒక పెళ్లి ఫోటోలున్నాయి, ఇంకా ఆల్బం కూడా వేయలేదు. ఆ పెళ్లిలో పిల్ల నానమ్మ అక్షింతలు వేస్తూ నిలబడ్డ ఫోటో ఉండేదట, ఆమె తర్వాత కొన్నాళ్లకే పోయింది. రికవరీకి నా దగ్గరికి తెచ్చేసరికి దాని మీద విండోస్ మళ్లీ ఎక్కి ఉంది, ఆ ఫోల్డర్ నుంచి ఏమీ రాలేదు. ఆ ఇంటివాళ్లు స్టూడియోలో కూర్చుని ఏడుస్తుంటే మొహం ఎత్తలేకపోయాం. ఫార్మాట్ చెప్పినోడికి మాత్రం ఆ సంగతే తెలియదు, ఆ రోజు ఇంకెంత మందికి చెప్పాడో.

అసలు బాధ ఇదీ. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు మన నల్లగొండ, పాలమూరు అంటే చులకన. అదే సర్వర్ అక్కడి ఆఫీసులో మొరాయిస్తే మనిషిని పంపిస్తారు, లాగ్ చూస్తారు, ఈవెంట్ వ్యూయర్ తెరుస్తారు. మనకైతే ఫోన్ ఎత్తగానే ఫార్మాట్. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) డబ్బులు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, మనిషి రావాలంటే విజిట్ చార్జి వేరే. ఇక్కడ షాపు పెట్టుకుని పొద్దంతా మిషన్ల మధ్యే బతికే మా లాంటివాళ్లు ఏదైనా అడిగితే "మీకు అర్థం కాదులే అన్నా" అనే ధోరణి.

రేపు ఆ పాడు డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం వేగమైన డిస్క్) పెట్టి డేటా మారుస్తున్నాను. మిల్లు సేటుకు కూడా చెప్పి వచ్చాను, ఈసారి ఏఎంసీ కాగితం వస్తే, ఫార్మాట్ చెప్పేముందు ఏమేం చూశారో రాసి ఇవ్వాలని షరతు పెట్టించండి, లేదంటే సంతకం పెట్టకండి అని. సరే అన్నాడు.