డివైజమ్ ఉన్నంత మాత్రాన పాంక్రియాటైటిస్ రాదు
పాంక్రియాస్ డివైజమ్ (పుట్టుకతోనే క్లోమంలోని నాళాలు కలవకపోవడం) ఉంటే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఖాయం అన్నట్టు కొందరు రాస్తుంటారు, దానికి నేను ఒప్పుకోను. తల్లి కడుపులో 7, 8 వారాలప్పుడు క్లోమంలోని రెండు నాళాలు కలవాలి, అవి కలవకపోతే ఎక్కువ రసం చిన్న రంధ్రం గుండానే పేగులోకి పోవాల్సొస్తుంది, అంతే. 100 మందిలో ఇంచుమించు 5 నుంచి 10 మందికి ఇలాగే ఉంటుంది, వాళ్లలో చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలీదు. మా తమ్ముడికి రెండుసార్లు పాంక్రియాటైటిస్ నొప్పొచ్చి అడ్మిట్ చేస్తే చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ తాగుతాడా అనే అడిగారు (వాడు చుక్క ముట్టడు), ఎమ్మార్‌సీపీలో (క్లోమ, పిత్త నాళాలు చూపే ఎమ్మారై స్కాన్) డివైజమ్ అని తేలింది, అయినా డాక్టర్ గారు వెంటనే నాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వెయ్యాలనలేదు, ముందు మిగతా కారణాలు, అంటే గాల్‌బ్లాడర్ రాళ్లు, ట్రైగ్లిజరైడ్స్, కాల్షియం అన్నీ చూశాకే దీని సంగతి మాట్లాడారు.