బొంత కుట్టిన చేతికి కూలెంత?

ఈమధ్య డిజైనర్ల కొత్త కలెక్షన్లలో తరచూ ఒక అమ్మమ్మ కనిపిస్తోంది. ఆమె పాత ఫొటో, పడ్డ కష్టాల గురించి రెండు మాటలు, కింద వేలల్లో ధర. ఆ ప్రేమను నేను శంకించను. కానీ అమ్మమ్మ దగ్గర నేర్చుకోవాల్సిన అసలు పనితనాన్ని వదిలేస్తున్నారన్నదే నా బాధ.

మా అమ్మమ్మ కుట్టిన బొంత ఇప్పటికీ నా దగ్గరుంది. నాలుగు పాత నేత చీరలు పరిచి, బాగా చిరిగినవి లోపల పెట్టి, రంగు నిలిచినదాన్ని పైకి వేసింది. గుడ్డ పలచబడ్డ చోట కుట్లు దగ్గరగా, గట్టిగా ఉన్నచోట ఎడంగా పడ్డాయి. చూడ్డానికి ముగ్గులా ఉంటుంది గానీ, ప్రతి కుట్టు వెనకా ఒక లెక్క ఉంది. ఆ గీతల్ని ప్రింటు వేసి జాకెట్ అమ్మితే ఆ లెక్క ఎక్కడికి పోయినట్టు? నా పరికిణీల అడుగున ఆవిడ రెండు టక్కులు వేయించేది. నేను పొడవు పెరిగే కొద్దీ ఒక్కోటీ విప్పేది. అలా విప్పుకుని, మాసికేసుకుని పదేళ్లు కట్టుకోగల బట్ట ఈరోజు ఎంతమంది కుడుతున్నారు?

ఇలాంటి కలెక్షన్ల వల్ల చేతిపనికి గుర్తింపు, మార్కెట్ వస్తాయని అంటారు. కొంత నిజమే. అయితే ఆ గుర్తింపు కూలి డబ్బుల్లో కనిపించాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరు చూడండి. గాంధీజీ మెచ్చిన ఆ సన్న ఖాదీకి నూలు వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లే. వలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని, దాని సన్నటి పళ్లతో పత్తిని శుభ్రం చేస్తారు. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా తీస్తారు; నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. పోగు తెగితే అతుకు కనపడకుండా కలపాలి. కళ్లు, నడుము, వేళ్లు అన్నీ అరిగిపోయే పని. మనం ఓపిక, తట్టుకునే గుణం అని పొగుడుతున్నది దీన్నే. చేతికి వచ్చేది మాత్రం చిలపల, అంటే నూలు చుట్టల, లెక్కన కూలి. మనవరాళ్లు రాట్నం ముందు కూర్చోవడం లేదంటే ఓపిక లేక కాదు, ఆ డబ్బుతో ఇల్లు గడవక.

2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం చేసుకుంటున్నాం. వచ్చే ఆగస్టుకైనా ప్రతి చీర ట్యాగు మీద, ధర పక్కనే, వడికినవారికి ఎంత ఇచ్చారో, నేసినవారికి ఎంత ఇచ్చారో రెండు అంకెలు వేయండి.