తుపాను పనికి కూలి ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడింది. రెండుసార్లూ ప్రభుత్వమూ మీడియా మనమూ వేసుకున్న ప్రశ్న ఒక్కటే: కరెంటు ఎప్పుడొస్తుంది? అడగడంలో తప్పు లేదు. ఉద్దానంలో తాగే నీళ్లు కూడా మోటారు తిరిగితేనే వస్తాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడి ట్యాంకరు కూడా లోపలికి వెళ్లలేని రోజులవి. కాకపోతే ఆ కరెంటు తెచ్చేవాడు ఏ జిల్లా నుంచి వచ్చాడు, ఇల్లు వదిలి ఎన్నాళ్లయింది, అతని కూలి ఏ రోజు నుంచి లెక్క అని మాత్రం ఎవరూ అడగలేదు. ఇల్లు కదిలిన గంట నుంచి మళ్లీ ఇల్లు చేరే గంట దాకా లెక్క కట్టాలన్నది నా వాదన.

తుపాను తర్వాత ఫొటోల్లో స్తంభాల దగ్గర కనిపించేవాళ్లంతా ఒకటి కాదు. కరెంటు పంపిణీ చేసే సంస్థ డిస్కంలో పర్మినెంట్ లైన్‌మన్‌కు జీతం ఆగదు, టీఏ డీఏ బిల్లు ఆలస్యంగానైనా వస్తుంది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ జీతం ఉంటుంది కానీ దారి ఖర్చులు, భోజనాలు చాలాసార్లు పై అధికారి మంచితనం మీద ఆధారపడతాయి. ఈ ఇద్దరికీ కింద గ్యాంగులు ఉంటాయి. గుంత తవ్వేది, సిమెంటు స్తంభాన్ని భుజాల మీద పొలం గట్లు దాటించేది, నిలబెట్టేది, తీగ లాగేది వీళ్లే. కాంట్రాక్టరు మేస్త్రీకి ఫోన్ చేస్తాడు, మేస్త్రీ ఊళ్లో పది పదిహేను మందిని పోగేస్తాడు, రాత్రికి వ్యాన్ ఎక్కేస్తారు. కాగితమన్నది ఉండదు.

చిక్కంతా బిల్లులో ఉంది. కాంట్రాక్టరుకు డబ్బు నిలబెట్టిన స్తంభాల లెక్కన, లాగిన తీగ లెక్కన వస్తుంది. ఆ లెక్కే మేస్త్రీకి, అక్కణ్నుంచి కూలీకి దిగుతుంది. స్తంభాల లారీ ఎక్కడో చెట్టు అడ్డంపడి ఆగిపోతే ఆ రోజు రోజే కాదు. వానకు గుంతలు నీళ్లతో నిండి పని సాగకపోతే అదీ కాదు. వ్యాన్‌లో కూర్చున్న రాత్రీ పగలూ అసలే కావు. తుపాను పడిన చోట మొదటి మూడు నాలుగు రోజులు సగం కాలం ఇలాగే పోతుంది. పని ఉన్నప్పుడేమో దీపాలు పెట్టి మరీ అర్ధరాత్రి దాకా చేయిస్తారు.

మకాం మామూలుగా ఊరి బడిలో. బెంచీలు గోడవారకు నెట్టేసి కింద పట్టాలు పరుస్తారు. తడిచొక్కాలు కిటికీ ఊచలకు వేలాడతాయి, మర్నాటికి ఆరవు, అవే తొడుక్కుంటారు. ఫోన్లు చార్జింగ్‌కి జీపు ఇంజిన్ ఆన్ చేసి దాని చుట్టూ మూగుతారు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడేది కూడా ఆ పది నిమిషాల్లోనే. రోజంతా నీళ్లలో నానిన కాళ్లకు వేళ్ల సందుల్లో తోలు తెల్లగా ఊడొస్తుంటే కొబ్బరి నూనో, పసుపో రాసుకుని పడుకుంటారు. మొదటి రెండు రోజులు ఊరే వండి పెడుతుంది. తమ వీధిలో బల్బు వెలిగాక ఆ హడావుడి సహజంగానే తగ్గుతుంది. గ్యాంగు మాత్రం అప్పటికి పొలాల్లోకి వెళ్తుంది. వ్యవసాయ కనెక్షన్ల పని వారాల తరబడి సాగుతుంది, అప్పుడు కెమెరాలూ ఉండవు, అన్నం క్యారేజీలూ ఉండవు.

వీళ్లను త్యాగమూర్తులనడం నాకు నచ్చదు. వాళ్లు పనికొచ్చారు. కొందరు నాలుగు డబ్బులు మిగులుతాయని, కొందరు కుర్రాళ్లు సరదాకి కూడా వస్తారు. త్యాగం అన్న మాట ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ కూలి బాకీ ఉందని అనుమానించాలి. శాలువా కప్పితే మస్టర్‌లో పేరు ఎక్కదు కదా.

ప్రాణం మీదికొచ్చే సంగతి వేరే ఉంది. సొంత సెక్షన్‌లో లైన్‌మన్‌కు ఏ తీగ ఏ ఫీడర్‌దో, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ లైన్‌దో, చీకట్లో అయినా తెలుసు. పరాయి చోట తెలియదు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాకే, అంటే లైన్‌లో సరఫరా ఆపామని ఆపరేటరు ఖాయం చేశాకే, స్తంభం ఎక్కాలి. తుపాను తర్వాత సెల్ టవర్లే పనిచేయవు, ఇక ఆపరేటరుతో మాట్లాడేదెలా? ఎల్‌సీ ఉన్నా గండం తప్పిందని కాదు. ఎవరో ఇంటిని లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటికి జనరేటర్ కలిపితే ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక అది 11 కేవీ, అంటే 11 వేల వోల్టులు, అయి కూర్చుంటుంది. అందుకే పనిచేసే చోటుకి రెండు పక్కలా లైన్‌ను ఎర్త్ చేయాలి, అంటే తీగను భూమికి కలపాలి. అది టైమ్ తీసుకునే పని. సాయంత్రానికల్లా సరఫరా ఇవ్వాలని పైనుంచి టెన్షన్ పెడితే ముందు ఎగిరిపోయేది ఆ జాగ్రత్తే.

ఇది కరెంటు పనికే పరిమితం కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాక బురద ఎత్తడానికి ఇతర మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. ఇళ్లనూ వీధులనూ ఫైరింజన్లతో కడిగారు. పరుపులు, ఫ్రిజ్‌లు, చచ్చిన జంతువులు అన్నీ కలిసిన ఆ చెత్తను చేతులతోనే లారీలకు ఎక్కించాలి. ఆ కార్మికుల్లో ఆడవాళ్లు చాలామంది. మునిగిన పేటలో వాళ్లకు బాత్రూమ్ ఎక్కడ? మామూలు రోజుల పనికే ఆరోగ్యం దెబ్బతింటుందని ఒప్పుకుని ఏపీలో నెలకు 6 వేల రూపాయల హెల్త్ అలవెన్స్ మొదలుపెట్టారు. వరద బురదకు మాత్రం విడిగా రేటు ఉండాలని తోచలేదు. 2018 వరదల తర్వాత కేరళ బురదలో దిగినవాళ్లకు డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది, ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది కాబట్టి. మన దగ్గర కూడా బస్సు ఎక్కించేటప్పుడే ఆ మాత్ర చేతిలో పెట్టవచ్చు.

విపత్తు సహాయ నిధి నిబంధనల్లో వీళ్ల ప్రస్తావన లేకపోలేదు. విపత్తులో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే 4 లక్షల రూపాయలు సహాయక చర్యల్లో ఉండి చనిపోయినవారికి కూడా వర్తిస్తాయని అందులో రాసుంది. మంచిదే. కానీ బతికి ఉన్నప్పటి కూలి, పడక, దారి ఖర్చు గురించి అంత స్పష్టంగా ఎక్కడుంది?

వలస కూలీ చట్టాలు ఇక్కడ మరీ విచిత్రంగా పనిచేస్తాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం నుంచి కాంట్రాక్టరు తెచ్చిన కార్మికుడికి నెల వేతనంలో సగం ఊరు కదిలినందుకు అదనంగా ఇవ్వాల్సి ఉండేది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో అది పోయింది, ప్రయాణ భత్యం మిగిలింది. ఏ చట్టం చూసినా రాష్ట్రం గీతే కొలత. బరంపురం నుంచి పాతిక కిలోమీటర్లు వచ్చి ఇచ్ఛాపురంలో పనిచేసే ఒడియా కూలీ వలస కార్మికుడు. కర్నూలు నుంచి దాదాపు 900 కిలోమీటర్లు వచ్చినవాడు స్థానికుడు!

అమెరికాలో హరికేన్ వస్తే విద్యుత్ కంపెనీలు ఒకరికొకరు సిబ్బందిని పంపుకుంటాయి. అక్కడి ఒప్పందాల్లో ఖర్చు లెక్క సిబ్బంది బయలుదేరే ఏర్పాట్లతో మొదలై తిరిగి ఇల్లు చేరేదాకా నడుస్తుంది. ప్రయాణం, ఎదురుచూపు, పడక అన్నీ పిలిచిన కంపెనీ నెత్తినే. అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 2005 కత్రీనా తర్వాత దెబ్బతిన్న ఆయిల్ రిగ్గుల రిపేరుకు సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ మన దేశం నుంచి వందలమంది వెల్డర్లు, పైప్‌ఫిట్టర్లను తీసుకెళ్లి, ఇరుకు క్యాంపుల్లో కుక్కి, వాటి అద్దె జీతంలోనే కోసుకుంది. 2015లో న్యూఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ అయిదుగురు కార్మికులకు 1.4 కోట్ల డాలర్లు ఇవ్వమని తేల్చింది. విద్యుత్ కంపెనీల సిబ్బందికి దక్కిన న్యాయం ఆ వెల్డర్లకు దక్కలేదు. తేడా అంతా ముందే రాసుకున్న ఒప్పందంలో ఉంది.

మన దగ్గర ఖర్చు పెరుగుతుందని అధికారులు అంటారు. ఆ ఖర్చు ఇప్పుడూ ఉంది, కూలీ తన జేబులోంచి కడుతున్నాడు. తుపాను వచ్చాక హడావుడిగా రేటు మాట్లాడితే బలమున్నవాడిదే పైచేయి అవుతుంది. కాబట్టి వానాకాలానికి ముందు పిలిచే టెండర్లలోనే రోజు కూలిని స్తంభాల లెక్క నుంచి విడదీసి రాయాలి. వ్యాన్ ఎక్కిన రోజు నుంచి మస్టర్ తెరవాలి, మెటీరియల్ రాని రోజుకు కూడా హాజరు వేయాలి. ఊరు తెలిసిన స్థానిక లైన్‌మన్ ఒకరు ప్రతి గ్యాంగుతో ఉండాలి, ఎల్‌సీ ఆయన పేరు మీదే తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికి ముందే సబ్‌స్టేషన్ దగ్గర ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో పడాలి, మేస్త్రీ చేతికి కాదు. రాష్ట్రమంతా ఒకేసారి కుదరదంటే ఆ వైపు డిస్కం అయిన ఈపీడీసీఎల్ ముందు శ్రీకాకుళం సర్కిల్‌లో చేసి చూడవచ్చు. తుపానులు ఎలాగూ ఆ వైపు కొత్త కాదు.