నయాగరా దారిలో ఒక రోజు ఆగుదాం

న్యూజెర్సీలో ఏ తెలుగింటికి అమ్మానాన్నలు వచ్చినా నయాగరా ప్రయాణం ఖాయం. తెల్లవారుజామున పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, చీకటితోనే కారెక్కుతాం. దారిలో కార్నింగ్‌లో గాజు మ్యూజియం, కాళ్లలో ఓపిక మిగిలితే వాట్కిన్స్ గ్లెన్‌లో జలపాతాల లోయ, పొద్దుగూకే వేళకు నయాగరా. పదకొండేళ్లలో మేం ఆ దారిన ఆరుసార్లు వెళ్లాం. ఆరుసార్లూ సెనెకా సరస్సు పక్కనుంచే పోయాం. కొండవాలు పొడవునా కనిపించేవి ద్రాక్ష తోటలని తెలిసి కూడా ఒక్కసారీ కారు ఆపలేదు.

ఏడోసారి, 2022 అక్టోబర్‌లో, ఆపాం. ఆ ఒక్క రోజు వల్లే ఇది రాస్తున్నాను. వచ్చే ఏడాది మన తెలుగు సంఘం పెద్దల కోసం మళ్లీ నయాగరా బస్సు వేద్దామనుకుంటోందని విన్నాను. నేను కోరేదల్లా ఒకటే. ఆ ప్రయాణంలో ఒక పూర్తి రోజు ఫింగర్ లేక్స్ అనే ఆ సరస్సుల ప్రాంతంలోని ద్రాక్ష తోటలకు ఇవ్వండి. అదీ యాభైమంది బస్సులో కాదు, ఎనిమిదేసి మంది పట్టే చిన్న వ్యాన్లలో.

వైన్ తోటలంటే మనకు తెలిసిన పేరు కాలిఫోర్నియాలోని నాపా. న్యూయార్క్ రాష్ట్రంలో, అదీ మోకాలి లోతు మంచు పడే చోట, ద్రాక్ష పండుతుందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. పటంలో చూస్తే 11 సరస్సులు చేతివేళ్లు చాపినట్టు ఉత్తర దక్షిణాలుగా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మంచుయుగంలో హిమానీనదాలు కోసిన గుంటలవి. సెనెకా లోతు 188 మీటర్లు. అంత లోతున్న నీరు ఎంత చలికీ గడ్డకట్టడం చాలా అరుదు. వేసవంతా ఎండను దాచుకుని, చలికాలమంతా కుంపటిలా ఒడ్డుకు కాస్త కాస్తగా వేడి వదులుతుంది. వసంతంలో ఇందుకు భిన్నంగా, చల్లటి నీరు ఒడ్డునున్న తీగల్ని తొందరపడి చిగురించకుండా ఆపుతుంది. ఈ సరస్సులు లేకపోతే ఆ కొండల మీద ఈ తోటలు లేవు.

వ్యాన్ నడిపినాయనే మాకు గైడ్. చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాడు. మొదటి తోటకు వెళ్లకముందే సరస్సు కనిపించే చోట బండి ఆపి, సెనెకా, కయూగా అన్నవి ఇక్కడి ఆదివాసీ జాతుల పేర్లని చెప్పాడు. 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆజ్ఞతో జనరల్ సలివన్ సైన్యం ఇక్కడికొచ్చి 40కి పైగా ఊళ్లను, మొక్కజొన్న చేలను, పండ్ల తోటలను తగలబెట్టిందని చెప్పాడు. అది విని మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పండ్ల తోటలు కూడానా, అని మాత్రం నన్ను రెండోసారి అడిగారు.

నాన్నది మేడ్చల్ దగ్గర పల్లె. ఇరవై ఏళ్లకు పైగా అనాబ్-ఎ-షాహి పండించారు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ఎటు చూసినా రాతి కడీల మీద ద్రాక్ష పందిళ్లే. నగరం పెరిగి, నీళ్లు అడుగంటి, భూమి ధర ద్రాక్ష ధరను మింగేసింది. 2004లో మా తోట కూడా అమ్మేశాం. ఇప్పుడక్కడ విల్లాలు. ఆ తర్వాత నాన్న ద్రాక్ష గురించి మాట్లాడగా నేను వినలేదు.

మేం వెళ్లిన రెండో తోట చాలా చిన్నది. యజమానే బూట్ల నిండా మట్టితో ఎదురొచ్చి, వరుసల మధ్యకు తీసుకెళ్లాడు. నాన్న నిలబడి చూసి, "ఇది పందిరి కాదు గదా బిడ్డా, బట్టలారేసే దండెం లెక్కుంది" అన్నారు. నిజమే. ఇక్కడ తీగల్ని నిలువుగా, ఇనుప తీగెలకు కట్టి పెంచుతారు, దొరికే కాస్త ఎండా ప్రతి ఆకుకూ తగలాలని. మన దగ్గర గుత్తి మాడిపోకుండా ఆకుల నీడ కావాలి కాబట్టి పందిరి. తర్వాత నాన్న వంగి, నేలకు జానెడు ఎత్తులో మొదలు మీద ఉబ్బుగా ఉన్న చోట వేలు పెట్టి, "ఇది అంటు కట్టిందే" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆ రైతు ముఖం వెలిగిపోయింది. కింద వేరు అమెరికాదట, పైన తీగ యూరప్‌ది, రీస్లింగ్ అనే వైన్ ద్రాక్ష రకం. కోత అయిపోయాక నాగలితో మట్టి ఎగదోసి ఆ అంటు భాగాన్ని కప్పేస్తారు, ఎండాకాలం ముందు మళ్లీ తీసేస్తారు. మైనస్ 20 డిగ్రీల చలిలో పైన కొమ్మలు పోయినా మట్టి కింద ప్రాణం మిగులుతుందని. "మేం ఎండకు పందిరేసినం, వీళ్లు చలికి దుప్పటి కప్పుతున్నరు" అన్నారు నాన్న.

అక్కడినుంచి వాళ్లిద్దరికీ నేను నోరు మాత్రమే. ఏడాదికి రెండు కటింగులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి అని నాన్న చెబితే ఆయన నమ్మలేకపోయాడు. ఇక్కడ తీగ సగం ఏడాది నిద్రలోనే ఉంటుంది. మన తోటల్లో కత్తెర పట్టే నెలలో ఇక్కడ పళ్లు కోస్తున్నారు. ఆయన తన కత్తెర నాన్న చేతికిచ్చి, ఒక గుత్తి కోయమన్నాడు. నాన్న దాన్ని కాడ దగ్గర పట్టుకుని కోసి, పండ్ల మీది తెల్లటి పొడి చెరగకుండా అరచేతిలో పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత.

ఇదంతా జరగడానికి కారణం మేం ఎనిమిది మందిమే ఉండటం. ఇంతకుముందు ఒక సంస్థ వేసిన బస్సులో ఇదే ప్రాంతానికి యాభైమందితో వెళ్లాను. ముందుగా చెప్పకుండా వచ్చారని గేటు దగ్గరే వద్దన్నారు. పార్కింగ్‌లో గంట నిలబడ్డాం, పెద్దవాళ్లకు బాత్రూం కూడా దొరక్క టెన్షన్. తోటవాళ్లను తప్పుపట్టలేను. కుటుంబం నడిపే చోట గదిలో పదిమంది పట్టడమే గొప్ప. చాలా తోటలు ఎనిమిది దాటితే ముందే బుక్ చేసుకోమంటాయి, కొన్ని బస్సుల్ని అసలు రానివ్వవు. పైగా యాభైమందికి మైకు పట్టుకుని చెప్పే మాట వేరు, ఒక రైతు ఇంకో రైతుకు మొక్క చూపిస్తూ చెప్పే మాట వేరు.

మన పిల్లలకూ మనకూ ఆ ప్రాంతంలో దొరికే ఇంకో కథ ఉంది. కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ఉక్రెయిన్ శాస్త్రవేత్త 1951లో, యాభై దాటిన వయసులో, ఇంగ్లీషు రాకుండా న్యూయార్క్‌లో దిగాడు. ద్రాక్షలో డాక్టరేట్ ఉన్నవాడు హోటల్లో గిన్నెలు కడిగాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న జెనీవా అనే ఊళ్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పని దొరికింది కానీ, అక్కడా కలుపు తీసే పనే. ఈ చలికి యూరప్ ద్రాక్ష బతకదని అందరూ తేల్చేసిన రోజులవి. ఇంతకంటే చలిదేశంలో నేను పండించానని ఆయన చెబితే వినేవాళ్లు లేరు. చివరికి షాంపేన్ చేసే ఫ్రెంచివాడు షార్ల్ ఫూర్నియే విని, ఉద్యోగమిచ్చాడు. ఇద్దరూ కలిసి చలికి తట్టుకునే వేళ్లు వెతికి అంటు కట్టారు. 1962లో ఫ్రాంక్ క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. నేడు తూర్పు అమెరికాలో రీస్లింగ్ పండే ప్రతి తోటా ఆయనకు ఎంతో కొంత బాకీ. ఇక్కడికొచ్చి చదువుకు తగని పనితో మొదలుపెట్టినవాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ కథ ఆయన నాటిన గట్టు మీద నిలబడి వినాలి.

1976లో రాష్ట్రం తెచ్చిన ఫార్మ్ వైనరీ చట్టం మాట కూడా అక్కడే విన్నాం. అంతకుముందు ద్రాక్ష రైతు పెద్ద కంపెనీకి పంట అమ్ముకోవాల్సిందే, వాళ్లు వద్దంటే పంట తీగ మీదే. ఆ చట్టంతో లైసెన్సు చవకై, చిన్న రైతు తన వైన్ తానే చేసి ఇంటి ముందే అమ్ముకునే వీలొచ్చింది. "గిట్లాంటిది మాకుంటే" అని నాన్న మాట మధ్యలో ఆపేశారు.

కార్యవర్గంలో కొందరికి ఉన్న అభ్యంతరం నాకు తెలుసు. సంఘం పేరు మీద పెద్దల్ని మందు దగ్గరికి తీసుకెళ్లడమా అని. మా నాన్న జన్మలో చుక్క ముట్టలేదు, ఆ రోజూ ముట్టలేదు. ఎవరూ బలవంతం చేయలేదు, వింతగానూ చూడలేదు. తాగేవాళ్లు కూడా గుక్కెడు నోట్లో తిప్పి పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం అక్కడ మర్యాదే. అమ్మకూ నాన్నకూ కాంకర్డ్ ద్రాక్ష రసం ఇచ్చారు. నాన్న మాత్రం ఒక పాత రీస్లింగ్ గ్లాసు తీసుకుని వాసన చూశారు. "నిమ్మతొక్క. దాని కింద కిరసనాయిలు." నేను మొహమాటపడుతూనే తర్జుమా చేశాను. రైతు బల్ల మీద చెయ్యి కొట్టి, సరిగ్గా అదే, పాతబడిన రీస్లింగ్‌కు అదే గుర్తు అన్నాడు. మిగతా ఆరుగురం తాగి కూడా పట్టుకోలేని సంగతి ఆయన ముక్కు పట్టుకుంది.

అమ్మకు నచ్చింది వేరే. కాంకర్డ్ పండు నొక్కితే తొక్క నుంచి గుజ్జు ముత్యంలా జారి బయటికొస్తుంది, తొక్క వేళ్ల మధ్య మిగిలిపోతుంది. అలా ఒక్కో పండూ ఒలిచి, గింజ తీసి చేసే ద్రాక్ష 'పై' అనే కాల్చిన తీపి వంటకం ఆ ప్రాంతపు ప్రత్యేకం. నేపుల్స్ అనే చిన్న ఊరు దానికి పేరుపడింది. గుడ్డు వేయలేదని రెండుసార్లు అడిగాకే అమ్మ తిన్నది. భక్ష్యాల్లో పూర్ణం బదులు ద్రాక్ష పెట్టినట్టుందని, ఇంకో ముక్క అడిగింది.

ఖర్చు బస్సుకన్నా ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ సొంత కార్లలో వెళ్తే ఉండే తాగి నడిపే భయం లేదు, ఎవరు తాగకుండా ఉండాలన్న వాదన లేదు. సంఘం ఈ ఒక్క రోజుకు కాస్త సాయం చేస్తే ఎవరికీ బరువు కాదు. చేసేటప్పుడు మాత్రం రోజుకు మూడు తోటలు చాలు, ఐదు పెట్టకండి. పెద్దలకు రెండిటి మధ్య కూర్చునే సమయం ఉండాలి. భోజనం మనమే పట్టుకెళ్దాం, బయట బల్లల మీద తినొచ్చా అని ముందే అడుగుదాం. జుట్టు నెరిసినవాళ్లనైనా ఐడీ అడగొచ్చు కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుండాలి. వ్యాన్‌కు ఒకరైనా రైతు మాటను తెలుగులో, తెలుగు రైతు మాటను ఇంగ్లీషులో చెప్పగలిగేవాళ్లు ఉండాలి. ఆ పనికి నా పేరు రాసుకోండి. నెల మాత్రం అక్టోబరే పెట్టండి. కోతలు చూడొచ్చు, చెట్ల రంగులు కూడా.

నాన్న డిసెంబర్‌లో ఊరికి వెళ్లిపోయారు. 2023 మే 18న ఆ తోటల మీద గడ్డకట్టే చలి విరుచుకుపడింది. అప్పుడే విచ్చిన చిగుళ్లు చాలాచోట్ల ఒక్క రాత్రిలో నల్లబడ్డాయి. ఫోన్లో మాటల మధ్య ఆ సంగతి చెప్పాను. నాన్న మిగతా కబుర్లన్నీ వదిలేసి, "ఆయన తోట నీళ్లకు దగ్గర్నా, దూరమా?" అని అడిగారు. కొంచెం పైనే ఉంది అన్నాను. "అడుగు బిడ్డా. పెద్ద కన్ను మాడినా పక్క కన్ను లేస్తది. కాపు తక్కువొస్తది గానీ తీగకు భయం లేదు. తొందరపడి కొయ్యొద్దని చెప్పు."

అదే రాసి పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది, ఒక ఫోటోతో. నల్లగా మాడిన చిగురు పక్కనే గోరంత పచ్చటి మొలక. మీ నాన్నగారికి చూపించండి, కత్తెర ఇంకా ముట్టలేదు అని రాశాడు.