సవరణ: లేక్ ఫోర్క్‌లో బాస్ చేప సైజు లెక్క వేరు

టెక్సాస్‌లో ఎక్కడైనా 14 అంగుళాలు దాటిన లార్జ్‌మౌత్ బాస్ చేపని ఇంటికి తెచ్చుకోవచ్చని మొన్న రాశాను. తప్పు. అది రాష్ట్రంలో మామూలు రూలు, కొన్ని రిజర్వాయర్లకి లెక్క వేరు. లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాల వరకు ఉన్నవి, లేదా 24కి తగ్గనివి మాత్రమే ఉంచుకోవచ్చు. మధ్యవి, అంటే మనం ఫొటో దిగి మురిసిపోయే సైజువే, వెంటనే నీళ్లలో వదిలేయాలి. రోజుకి మొత్తం ఐదు, అందులో 24 అంగుళాలు, ఆపైది ఒక్కటే. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక కొసలు రెండూ దగ్గరికి నొక్కి చూడండి.

ఇంకోటి, టెక్సాస్ రిగ్‌లో, అంటే గాలానికి ప్లాస్టిక్ వానపాముని ఎరగా గుచ్చే పద్ధతిలో, గాలం మొన బయటికి ఉండాలన్నాను. కాదు, ప్లాస్టిక్ వానపాము ఒంట్లోనే దాచాలి. లేకపోతే ప్రతి విసురుకీ నాచే పడుతుంది.